యజమాని కడియం

ఆ రోజుల్లో పలాసలో ఏ యజమానైనా ఉన్నట్టుండి "అబ్బా" అని చెయ్యి విదిలిస్తే ఎవరూ కంగారుపడేవారు కాదు. ఆయన ఫ్యాక్టరీలో ఎవరికో దెబ్బ తగిలిందన్నమాట.

2084లో వచ్చిన చట్టం అది. కార్మికులకు నష్టపరిహార బీమా కట్టనివాడికి లైసెన్సు లేదు. నొప్పికడియం తొడుక్కోనివాడికి బీమా లేదు. కార్మికుడి చేతిపట్టీలోని సెన్సర్ అతని నరాల సంకేతాలను పట్టుకుని యజమాని కడియానికి పంపుతుంది. అక్కడ కాలితే ఇక్కడ మండుతుంది. యజమానిగా నమోదైనవాడి నరాలకు తప్ప అది పలకదు. ఇక యజమానులే పరుగెత్తుకెళ్లి చేతితొడుగులు కొంటారని, దాన్ని కనిపెట్టిన డాక్టర్ మణిమేఖల గట్టిగా నమ్మింది. చాలాచోట్ల అలాగే జరిగింది.

పొట్నూరి రమణ జీడిపప్పు ఫ్యాక్టరీలో మాత్రం కాలిన గాయాలూ తగ్గలేదు, రమణ నవ్వూ తగ్గలేదు. అదే ఆమెకు మింగుడుపడలేదు. స్వయంగా తనిఖీకి వచ్చింది.

"కడియం ఉందాండీ?"

"లేకపోతే బీమా ఎలా ఇస్తారు మేడమ్? ముందు టీ తీసుకోండి" అంటూ రమణ పొడుగుచేతుల చొక్కాను ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది.

ఆమె అతని మణికట్టు మీంచి చూపు తిప్పలేదు. అంతలో బాయిలర్ దగ్గర వేడి జీడినూనె చింది, నీలవేణి అనే కార్మికురాలు కెవ్వుమంది. రమణ చేతిలో టీ తొణకనైనా లేదు.

ఆ మూల జల్లెడ పట్టే తవిటయ్య మాత్రం చెయ్యి పట్టుకుని కూలబడ్డాడు.

నీలవేణి చేతిని నీళ్లలో పెట్టించి, మణిమేఖల అతని దగ్గరికి పరుగెత్తింది. ఒక చేతికి కార్మికుడి పట్టీ. రెండో చేతికి యజమాని కడియం.

"కాయితాల మీద కంపెనీ నాదేనమ్మా" అన్నాడు తవిటయ్య పళ్లు బిగబట్టి.

"అంతా చట్టప్రకారమే మేడమ్" అన్నాడు రమణ వెనకనుంచి. "నేను జీతానికి మేనేజర్ని."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. తవిటయ్య వైపు తిరిగింది. "మరి నీకే దెబ్బ తగిలితే?"

"రెండు సేతులూ మండుతాయమ్మా."

"ఎందుకొప్పుకున్నావయ్యా?"

"ఓనరుగారూ అని పిలుత్తామన్నారమ్మా."

"భయపడకు. ఇప్పుడే దీన్ని తీయించి ఆయనకే తొడిగిస్తాను."

తవిటయ్య చప్పున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "అప్పుడు నాను ఓనర్ని కాను కదమ్మా!"

నీళ్లలో చెయ్యి పెట్టుకుని ఏడుస్తున్న నీలవేణి వైపు చూసి గొంతు తగ్గించాడు.

"కంపెనీ నా పేరనే ఉంచి, కడియం ఒక్కటీ ఆ నీలవేణికి తొడగడానికి ఈలవుద్దేటమ్మా?"