ఇంకో సగం ఎవరిది?

దారం ఉండ కొస ఊడి ఉంది.

సంజన బీడీల చాట ముందేసుకుని దాన్నే చూస్తూ కూర్చుంది. నిన్న పని ఆపేటప్పుడు కొసను ఉండలోకి దోపి పెట్టింది తనే. ఆకు, తంబాకు, దారం అన్నీ కార్ఖానా వాళ్ళు తూచి ఇచ్చేవి. ఇంట్లో ఉన్నది నలుగురు. భర్త మహేష్ ఆటో తీసుకుని నిజామాబాద్ పోయాడు. ఎనిమిదేళ్ళ కూతురు వర్ష ఇంకా పళ్ళు తోముతోంది. మిగిలింది అత్త శ్యామలమ్మ. బోధన్ శివారులోని ఆ వాడ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఏడు గంటలకే కొంగు దోపుకుని వెళ్ళిపోయింది.

ఇది మొదటిసారి కాదు. సోమవారం ఇలాగే ఉంది. బుధవారం ఇలాగే. ఇవాళ శుక్రవారం.

అత్త దారం ఎవరికి తీసిపెడుతోంది? సంజనకు తట్టింది ఒకటే పేరు. ఆడబిడ్డ సుకన్య. మోస్రాలో ఉంటుంది, ఆమెవీ బీడీలే. పైగా మామ పోయాక అత్తకు వచ్చే వితంతు పింఛను అయిదు నెలలుగా ఇంట్లో కనబడటం లేదు. అడిగితే "ఖర్సయింది" అంటుంది. ఏం ఖర్చు? కొత్త చీర లేదు, మందు గోళీ లేదు.

ఆ రాత్రి మహేష్ అన్నానికి కూర్చోగానే మొదలుపెట్టింది.

"మీ అవ్వ పింఛను మోస్రాకు పోతున్నది. ఇప్పుడు నా దారం గూడ పోతున్నది."

"బారెడు దారం కోసం అవ్వ మోస్రా దాంక పోతదా? బస్సు కిరాయెంత?"

"కిరాయేడిది? ఆడోళ్ళకు ఫ్రీయేనాయె."

"దాన్ని మాత్రం యాది చెయ్యకే! నా ఆటో మునిగిందే దాంతోటి," అని మహేష్ కంచంలోకి తల దించాడు. తల్లి సంగతి మాత్రం మాట్లాడలేదు. తెలిసే మాట్లాడటం లేదేమో అనుకుంది సంజన. అనుమానం పట్టాక మనిషి మౌనం కూడా సాక్ష్యమే అవుతుంది.

ఆదివారం గుడ్ల కూర వండింది. వర్ష తన గుడ్డును వేలితో నడిమికి విరిచింది. ఒక సగం తిని, రెండోది కంచం అంచుకు జరిపింది.

"గదేందే, తినవా?"

"ఇంకో సగం ఎవరిది?"

"ఎవరిదేంది? నీదే."

"మొత్తం నాదేనా?"

వర్ష నాయినమ్మ వైపు చూసింది. శ్యామలమ్మ అన్నం ముద్ద చేతిలోనే పెట్టుకుని గబుక్కున లేచి పెరట్లోకి నడిచింది.

సంజన పిల్లను లోపలికి లాక్కుపోయింది. "బడిల గుడ్డు ఎంత పెడ్తరే?"

"చెప్పొద్దని నాయినమ్మ ఒట్టు వెట్టించుకున్నది."

"నేను నీ అమ్మను. చెప్పు."

"సగం. నాకయితే చిన్న సగం."

అంతే, సంజనకు అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి. మిగతా గుడ్లు అమ్ముకుంటోంది. ఆ డబ్బూ పింఛనూ కూతురింటికి చేరుస్తోంది. పొద్దున చాయ్‌లో ముంచిన బన్నుతో బడికి వచ్చే పిల్లలు వీళ్ళు. ఇళ్ళల్లో పప్పే వారానికి ఒకసారి. వారానికి మూడు గుడ్లు పెడతామని సర్కారు చెప్పింది. వాడ పిల్లల ఒంట్లో కాస్త కండ ఉందంటే అది ఆ గుడ్డుదే. ఆ గుడ్డునే కోసుకు తింటారా?

సోమవారం పొద్దున సంజన పోయి రుక్మాబాయి గుమ్మం ముందు నిలబడింది. ఆమె ఇద్దరు పిల్లలూ అదే బడి.

"పన్నెండింటికి పదిమందిని తోల్కొని బడికి రా వదినా. మా అత్త దొంగతనం నేనే చూపిస్త."

"సొంత అత్తనే?"

"పిల్లల కూడు తింటె అత్తయితేంది, ఎవరయితేంది!"

వాళ్ళకంటే ముందే సంజన వంటపాకలోకి దూరింది. పొగ. తపేలాలో అన్నం. శ్యామలమ్మ పీట మీద కూర్చుని ఉంది. బీడీ దారం ఒక కొస పళ్ళ మధ్య పట్టుకుంది, రెండో కొస వేలికి చుట్టుకుంది. ఒలిచిన గుడ్డును ఆ దారానికి ఆనించి లాగితే రెండు ముక్కలై తాంబాళంలో పడుతోంది.

"దొరికినవ్ అత్తా!"

శ్యామలమ్మ నోట్లోంచి దారం జారింది.

"తక్కిన సగాలు యాడికి పోతున్నయ్? మోస్రాకా?"

"మెల్లగనే బిడ్డా, పిల్లలింటరు."

"ఇననీ! ఇనాలెననే వచ్చిన."

కేకలకు పెద్దసారు పరమేశ్వర్ వచ్చాడు, చంకలో రిజిస్టరు.

"ఏందమ్మా లొల్లి?"

"సూడున్రి సార్, గుడ్లు సగం జేస్తున్నది."

సారు తాంబాళం చూశాడు. తర్వాత గోడ చూశాడు. "నాకేం తెల్వదమ్మా. గుడ్ల సంగతి శ్యామలమ్మదే. నా రిజిస్టర్ల యాభై ఎనిమిది మందికి యాభై ఎనిమిది గుడ్లు. కింద ఆమె వేలిముద్ర ఉన్నది. నడుమ ఎవరు తిన్నరో నేను జూసిన్నా?"

సంజన అందామనుకున్న మాటే అది. కానీ ఆ నోట మరీ తొందరగా వచ్చింది. అత్త ఆయన వైపు తలెత్తి చూసిన చూపు సంజనకు తగిలింది. అది పట్టుబడ్డ మనిషి చూపు కాదు. వదిలేయబడ్డ మనిషి చూపు.

పాకంతా కలియజూసింది. మూల ఖాళీ గుడ్ల అట్ట ఒకటే ఉంది.

"అత్తా, ఎన్ని గుడ్లు తెచ్చినవ్?"

"ముప్పై."

"తక్కినయి?"

"లెవ్వు బిడ్డా. ఉద్దెర తెచ్చి పెడితె సర్కారిచ్చే గుడ్ల బిల్లు రాక అయిదు నెలలాయె. ఇగ ఉద్దెర ఇయ్యనని దుకాణం చంద్రయ్య మొదటి నెలనే ఎల్లగొట్టిండు. సారును అడిగితె, ఎట్లన్న వెట్టు, రాసేది నేను రాస్తనన్నడు. పెట్టకపోతె పోరగాండ్లు నా మొకమే సూస్తరు. సర్కారు మొకం వాళ్ళకేం ఎర్క?"

"మరి ఈ అట్ట ఎవరు కొన్నరు?"

శ్యామలమ్మ జారిన దారాన్ని మళ్ళీ వేలికి చుట్టుకుంది. సంజనకు అప్పుడు తట్టింది. పింఛను!

ఒక చేత్తో విధవకు రెండు వేలు ఇస్తారు, ఇంకో చేత్తో పిల్లల గుడ్డు ఆపేస్తారు. ఆ గుంతను ఈ పైసలతో పూడ్చింది చదువురాని ఈ ముసలామె. కాగితం మీద మాత్రం అందరి కడుపూ నిండింది.

"వర్షకు చిన్న సగం ఎందుకేసినవ్?"

"పెద్దదేస్తె, మనుమరాలికి దోసిపెడుతున్నదంటరని."

అప్పుడే గుమ్మంలో గాజుల చప్పుడు. రుక్మాబాయి, వెనక వాడ ఆడవాళ్ళు.

"ఏదే సంజనా, దొంగతనం చూపిస్తనంటివి?"

శ్యామలమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. పదహారేళ్ళుగా ఈ వాడ పిల్లలకు వండి పెట్టిన మనిషి. వీళ్ళ ముందు ఒక్క మాట పడితే ఇక తలెత్తదు. ఆ మాట వేసింది, వీళ్ళను పిలిచింది సంజనే.

సంజన సారు చంకలోంచి రిజిస్టరు గుంజుకుంది.

"దొంగతనం దీంట్ల ఉన్నది. వచ్చింది ముప్పై, రాసింది యాభై ఎనిమిది. ఆ ముప్పై గూడ మా అత్త పింఛనుతోటి కొన్నయి. నేను ఆమెను దొంగనన్న. తప్పు నాది. అందరినీ పిలిచి అన్న గనుక అందరి ముందట్నే చెప్తున్న."

"పైకి తెలిస్తె మీ అత్త వంటపని పోతదమ్మా," సారు గొంతు తగ్గించాడు.

"చెప్పకపోతె ఆమె పేరు పోతది. రేపు బోధన్ ఎం.ఈ.ఓ. ఆఫీసుకు మేమందరం పోతున్నం. ఇది వట్టుకొని మీరు గూడ రాండ్రి. ఇయ్యాల్టి నుంచి ఎంత పెడితె అంతే రాయుండ్రి."

రుక్మాబాయి వెళ్ళి శ్యామలమ్మ పక్కన కూర్చుని తాంబాళం తన ముందుకు లాక్కుంది. గంట కొట్టారు. పళ్ళేలతో వరసలో నిలబడ్డ తమ పిల్లలకు ఒక్కో సగం పడుతుంటే తల్లులు గుడ్లప్పగించి చూశారు.

పిల్లలు తిని వెళ్ళాక అత్తాకోడళ్ళు తపేలాల దగ్గర మిగిలారు.

"నాకొక్క మాట చెప్పకపోతివి అత్తా."

"చెప్తె ఆ పైసలు పెట్టనిస్తుంటివా?"

అవునని చెప్పడానికి సంజన నోరు తెరిచింది.

"లేదత్తా. పెట్టనియ్యకపోతుంటి," అంది, అని భోరుమంది.

శ్యామలమ్మ మసి చేతులతోనే కోడలి తలను భుజానికి ఆనించుకుంది.

"గందుకే చెప్పలే," అంది.