లాగితే తెరుచుకునే తలుపు

లాడ్జి గదిలో స్నానాల గది తలుపు పట్టుకుని టీచరు పొద్దున్నే లాగుతోంది. పిడి ఊడి చేతికొచ్చేలా ఉంది.

"నెట్టవే తల్లీ, అది మన ఇల్లు కాదు," అంది మంచం మీద జడ అల్లుకుంటున్న అమ్మ. "మీ నాన్న చాదస్తం నీకూ అంటించి పోయారు."

నాన్నది బదిలీల ఉద్యోగం. ఏ ఊళ్ళో అద్దెకు దిగినా సామాను విప్పకముందే వడ్రంగిని పిలిచేవాడు. లోపలికి తెరుచుకునే తలుపులన్నీ ఊడదీయించి, బయటికి తెరుచుకునేలా బిగింపించేవాడు. ఇంటి ఓనర్లతో తగువులు పడేది మాత్రం అమ్మ. ఎందుకని అడిగితే గాలి బాగా వస్తుందనేవాడు.

ఆయన పోయాక టీచరు వంశవృక్షం గీయబోయింది. నాన్న దగ్గరే ఆగిపోయింది. ఆయన పైన రాయడానికి ఒక్క పేరూ తెలియదు. అమ్మకు తెలిసింది ఈ ఊళ్ళో ఆయన పెరిగిన ఇల్లొక్కటే. పెళ్ళయిన కొత్తలో ఆయన బస్సు కిటికీలోంచి చూపించాడు. దిగుదామంటే తల అడ్డంగా ఊపాడు.

"ఆయన్ని వద్దనుకున్నవాళ్ళ గుమ్మం ఎక్కి ఏం అడుగుతావు?" అంది అమ్మ, దారిలో.

"నిజంగా వద్దనుకున్నారా అని."

"అవునంటే?"

టీచరు నడక వేగం పెంచింది.

ఇల్లు పాత మిల్లు వెనకవీధిలో అలాగే ఉంది. పిలిస్తే లోపలి నుంచి ముసలి గొంతు పలికింది. "గడియ లేదు, రండి."

టీచరు తలుపు లాగింది. తెరుచుకుంది.

కుర్చీలోని పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "వచ్చినవాళ్ళంతా నెట్టి నెట్టి నన్ను తిట్టుకుంటారు. లాగాలని నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదండీ. మా ఇంట్లో అంతే. మా నాన్న పెట్టించారు."

ఆయన ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత ఆమెను దాటి వీధిలోకి చూశాడు. "చిన్నోడు, మా తమ్ముడు, బయటే నిలబడ్డాడా? రమ్మను."

"లేరు," అంది అమ్మ. "పోయారు."

ఆయన చేతులు ఒళ్ళో ఊరికే ఉండిపోయాయి.

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా వెతికారా మీరు?" అమ్మ గొంతు లేవలేదు, కానీ ఆగలేదు. "నా పెళ్ళికి ఆయన తరఫున ఒక్క మనిషి లేడు. అనాథని చేసుకుందని మావాళ్ళు ఎత్తిపొడిస్తే పడ్డాను. అన్న ఉన్నాడని నాతో కూడా అనలేదు ఆయన."

"వెతకడానికి మొహం చెల్లలేదమ్మా."

వంటగది వైపు చూపించి ఆయన మెల్లగా చెప్పాడు. వాళ్ళమ్మ ఆ గదిలో కళ్ళు తిరిగి, అప్పట్లో లోపలికి తెరుచుకునే తలుపుకి అడ్డంగా పడిపోయింది. అప్పుడు ఇంట్లో ఉన్నది చిన్నోడొక్కడే. నెట్టిన ప్రతిసారీ లోపల ఆమె మూలిగింది. దెబ్బ తగులుతోందని నెట్టడం మానేసి, మనుషుల కోసం వీధిలోకి పరుగెత్తాడు. వాళ్ళు వచ్చేసరికి ప్రాణం పోయింది.

"ఇంకాస్త నెట్టుంటే బతికేదిరా అన్నాడు మా నాన్న, అందరి ముందూ. వాడెందుకు ఆపాడో నాకొక్కడికే చెప్పాడు. అయినా నేను నోరు మెదపలేదు. కాస్త పెద్దయ్యాక వాడు ఇల్లు వదిలేశాడు. నాన్న పోయాక ఈ తలుపులన్నీ నేనే తిప్పించాను."

"మా నాన్న కూడా అంతే పెదనాన్నా," అంది టీచరు. "ప్రతి ఇంట్లోనూ."

పెద్దాయన కళ్ళజోడు తీశాడు. తుడుచుకోలేదు, చేతిలో పట్టుకునే కూర్చున్నాడు.

"గాలి కోసం అనేవారు," అంది అమ్మ, ఎవరితోనూ కాకుండా. "పిచ్చి మనిషివి అన్నాను. తలుపుల డాక్టరని పేరు పెట్టి నలుగురిలో నవ్వాను. ఆయనా నవ్వేవారు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. టీచరు దగ్గరికి వెళ్ళబోయి ఆగింది.

కాసేపటికి అమ్మ లేచింది. కళ్ళు ఒత్తుకుని వంటగది గుమ్మం దాకా వెళ్ళి, మూసి ఉన్న ఆ తలుపు ముందు నిలబడింది. పిడి మీద చెయ్యి వేసి, మెల్లగా తనవైపు లాగింది.

"బావగారూ," అంది లోపలి నుంచి, "టీపొడి ఎక్కడుంది?"