చెయ్యి మారిన చోట

ఆదివారం పదకొండు గంటలకల్లా గౌరి నోట్‌బుక్‌లో తొమ్మిది మాటలు చేరాయి. ఇంకొక్కటి కావాలి.

హోంవర్క్ ఇచ్చింది తెలుగు చెప్పే లక్ష్మీకాంత్ సార్. "'చెయ్యి' అనే మాటను జనం ఎన్ని రకాలుగా వాడతారో విని రాసుకురండి. పది చాలు. పుస్తకంలో చూడొద్దు. ఫోన్‌లో వెతకొద్దు. మీ చెవిన పడిందే రాయాలి. ప్రతి మాట కిందా రెండు వివరాలు ఉండాలి. అన్నది ఎవరు? ఎవరి గురించి?" అన్నాడాయన.

శనివారం నుంచి గౌరి పెన్ను పట్టుకుని ఇల్లూ వీధీ తిరుగుతోంది. పొద్దున అమ్మ కల్పన చారు రుచి చూసి మొహం చిట్లించింది. "అయ్యో, ఉప్పు కాడ చెయ్యి జారిందే!" గౌరి రాసుకుంది. అన్నది: అమ్మ. ఎవరి గురించి: అమ్మ గురించే.

కూరగాయల బండి తిమ్మక్క గౌరిని పిలిచి మరీ టమోటాలు ముట్టించింది. "నీ చెయ్యి మంచిది పాపా. నిన్న నువ్వు బోణీ చేస్తే పన్నెండుకే బండి ఖాళీ." అదీ రాసుకుంది. కనగానపల్లి నుంచి ఫోన్ చేసిన మామ, వాన ఇట్లే పడితే ఈసారి శెనక్కాయ పంట చేతికొస్తుందన్నాడు. అదీ నోట్‌బుక్‌లోకి ఎక్కింది.

తొమ్మిదోది పక్కింటి వెంకటక్క ఇచ్చింది. అరుగు మీద కూర్చుని గౌరి వాళ్ళ అవ్వను చూపించింది.

"మీ అవ్వంటే ఏమనుకున్యావు? చెయ్యి తిరిగిన మనిషి. ఆయమ్మ నేసిన చీరలో తప్పు వెతకాలంటే భూతద్దం పెట్టుకోవాల."

అవ్వ నవ్వి కుడి భుజం సవరించుకుంది. మూడు నెలల కింద కాలు జారి పడినప్పుడు ఆ భుజం దెబ్బతింది. ఆర్నెల్ల దాకా మగ్గం ఎక్కొద్దని డాక్టరు చెప్పాడు. ఇంట్లో వాళ్ళకు తెలిసి అవ్వ ఇప్పటికి రెండుసార్లు ఎక్కింది. రెండుసార్లూ నాయనకు దొరికిపోయింది.

"చెయ్యి తిరగడమంటే ఏందవ్వా?" అని గౌరి అడిగింది.

"అది చెప్తే వచ్చేది కాదులే పాపా. చేస్తాంటే వస్తాది."

ఆ మాట గౌరిని వదల్లేదు.

కాసేపటికి నాయన కుళ్ళాయప్ప జరీ తేవడానికి బండేసుకుని వెళ్ళాడు. అమ్మ నీళ్ళ కోసం కుళాయి దగ్గరికి పోయింది. అవ్వ చాప మీద నడుం వాల్చింది. మగ్గం ఒంటరిగా ఉంది. దాని మీద చిలకపచ్చ చీర మూడొంతులు అయింది.

గౌరి మగ్గం పలకను తాకి కళ్ళకద్దుకుంది. రోజూ నాయన చేసేది అదే. మగ్గం కింది గుంటలోకి కాళ్ళు దించింది. ముందుకు జరిగి కూర్చుంటే కాళ్ళు తొక్కుడు చెక్కలకు అందాయి. తాడు లాగింది. నాడె ఈ పక్క నుంచి ఆ పక్కకు పోగును తీసుకుని పరుగెత్తింది. పలకను తన వైపు లాగి ఆ పోగును దగ్గరకు కొట్టింది.

టక్.

ఇంకోటి. టక్. కొన్ని దెబ్బలు గట్టిగా పడ్డాయి, కొన్ని మెల్లగా పడ్డాయి. నలభై పోగులు లెక్కపెట్టుకుని దిగింది. తను నేసిన మేర వేలు మందం ఉంది. ఎంత చూసినా మిగిలిన చీరకూ దానికీ తేడా కనబడలేదు. నా చెయ్యి అప్పుడే తిరిగిందే అనుకుంటూ వీధిలోకి గంతేసింది.

నాయన వచ్చాడు. చేతులు కడుక్కుని మగ్గంలో కూర్చున్నాడు. అలవాటుగా చీర మీద అరచెయ్యి రాశాడు. ఒక చోట ఆపాడు. మళ్ళీ రాశాడు. లైటు వేసి వంగి చూశాడు.

"ఈడ చెయ్యి మారిండాది" అన్నాడు.

ధర్మవరం మగ్గాల వాళ్ళకు ఆ మాట విడమరచి చెప్పక్కర్లేదు. ఒక చీరకు ఒకటే చెయ్యి. ఒక్కొక్కరు పలకతో కొట్టే దెబ్బ ఒక్కో రకం. సగంలో ఇంకొకరు కూర్చుంటే అంత మేర బట్ట పలచబడుతుంది, లేదంటే బిగుసుకుంటుంది. షాపులో చీరను వెలుతురుకు పట్టుకుంటే అక్కడ గీత కనబడుతుంది. అందుకే నాయన మొదలుపెట్టిన చీర పూర్తయ్యేదాకా అమ్మ కూడా ఆ మగ్గంలో కూర్చోదు.

అప్పుడే లోపలికి వచ్చిన గౌరి చెవిన ఆ మాట పడింది. పదోది! గబగబా నోట్‌బుక్ తెరిచింది. 'చెయ్యి మారింది.' అన్నది: నాయన. ఎవరి గురించి:

పెన్ను అక్కడ ఆగిపోయింది.

"అమ్మా!" అని నాయన పిలిచాడు. పిలిచింది అవ్వను. "మళ్ళా ఎక్కినావా?"

అవ్వ లేచి వచ్చింది. ఎడమచేత్తో చీరను తడిమింది. ఒకసారి గౌరి వైపు చూసింది.

"ఎక్కినా లేప్పా" అంది.

"డాక్టరు ఏం జెప్పినాడు? నీకు భుజం కావాల్నా, మగ్గం కావాల్నా? ఈడుంటే నువ్వు మాట ఇనవు. నాలుగు గంటల బస్సుకు పెనుకొండకు, అక్కోళ్ళింటికి పో. బావ కార్ల ఫ్యాక్టరీకి డ్యూటీకి పోతే అక్క ఒక్కతే ఉంటాది. మూడు నెలలు ఆడనే ఉండు."

"ఆడ మగ్గం సప్పుడు ఉండదు కదప్పా. నాకు నిద్ర పట్టదు."

"ఫోన్లో రికార్డు చేసి పంపిస్తా. ఇనుకుంటా పండుకో."

అప్పుడే నీళ్ళు తెచ్చిన అమ్మకు నవ్వొచ్చింది. అవ్వకు రాలేదు.

అవ్వ బ్యాగు తీసింది. మూడు చీరలు, మాత్రల డబ్బా, దువ్వెన పెట్టింది. కుడిచెయ్యి లేవడం లేదు. ఒక్క చేత్తో జిప్పు పడలేదు.

"ఈ జిప్పు లాగు పాపా."

గౌరి సగం దాకా లాగింది. "అవ్వా, నువ్వు ఎక్కలేదు కదా?"

"జిప్పు లాగు."

గౌరి లాగలేదు. జిప్పు వదిలేసి మగ్గం దగ్గరికి పరుగెత్తింది.

"నాయనా, చెయ్యి మారింది అవ్వది కాదు. నాది. నేనే కూర్చున్యా. నలభై పోగులేసినా."

"అవ్వ పోతాదని అబద్ధం చెప్తాండావా? నీకు కాళ్ళే అందవు."

"అందుతాయి. ముందుకు జరిగితే అందుతాయి."

నాయన మగ్గంలోంచి లేచాడు. "ఏదీ, ఒక్క దెబ్బ కొట్టు."

గౌరి కూర్చుంది. తాడు లాగింది. నాడె పరుగెత్తింది. టక్. నాయన వంగి ఆ పోగును చూశాడు. ముందేసిన నలభైనీ చూశాడు.

"ఇదే దెబ్బ" అంటూ ఆ కొత్త పోగును లాగేశాడు. తల గోక్కున్నాడు. "మరి నువ్వెందుకు ఒప్పుకున్యావమ్మా?"

"నేను కొట్టింటే ఇంత మెత్తగుంటాదా? నా చెయ్యి మర్చిపోయినావేమప్పా!" అంది అవ్వ. "పిల్ల మొదటిసారి ఎక్కింది. తొలిరోజే తిట్లు తింటే మళ్ళా ఎక్కదేమోనని."

"అయితే నువ్వు ఎక్కనే లేదా?"

"ఈ రోజు ఎక్కలేదు."

"అంటే నిన్న?"

అవ్వ పైకప్పు వైపు చూసింది. అమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి నాయన కూడా నవ్వేశాడు. నవ్వాక గౌరి వైపు తిరిగాడు.

"ఏసింది నువ్వు. తీసేదీ నువ్వే."

వెయ్యడానికి పావుగంట పట్టలేదు. తియ్యడానికి మధ్యాహ్నమంతా పట్టింది. అడ్డంగా ఉన్న పోగును గోటితో లేపాలి, కత్తిరించాలి, లాగాలి. నిలువు పోగు ఒక్కటి కూడా తెగకూడదు. నాయన రెండు తీసి చూపించి పక్కకు జరిగాడు. మిగిలినవన్నీ గౌరివే. అవ్వ పక్కన కూర్చుని ఎడమచేత్తో లెక్క పట్టింది.

"ముప్పై ఒకటి. నిదానం పాపా. ముప్పై రెండు."

పెనుకొండ బస్సు అవ్వ లేకుండానే వెళ్ళిపోయింది. బ్యాగు జిప్పు సగంలోనే ఉంది.

ఆఖరి పోగు వచ్చాక నాయన అరచెయ్యి రాసి చూశాడు. మగ్గంలో కూర్చుని పని మొదలుపెట్టాడు. టక్, టక్. అవ్వ చాప మీద వాలి రెండు నిమిషాల్లో గురకపెట్టింది.

సోమవారం క్లాసులో గౌరి వంతు వచ్చింది. తొమ్మిది మాటలు గబగబా చదివింది. పదోది నిదానంగా చదివింది.

"చెయ్యి మారింది. అన్నది: మా నాయన. ఎవరి గురించి: నా గురించి."

వెనక బెంచీలో స్వప్న కిసుక్కున నవ్వింది. వాళ్ళదీ మగ్గాల ఇల్లే. "మగ్గం ఎక్కినావా మే? ఎన్ని దెబ్బలు పడినాయి?"

"నలభై. చీర మీద పడినాయి, నా మీద కాదు" అంది గౌరి.

క్లాసంతా నవ్వింది. సార్ కూడా నవ్వాడు.

"మరి ఆ నలభై ఏమైనాయమ్మా?"

"తీసేసినాం సార్" అంది గౌరి. "రెండు మా నాయన తీసినాడు. మిగిలినవి నేను."