తాత తొప్పూరు పోయినాడు

“మెల్లగ మాట్లాడు బావా... పురుగులుండాయి!”

“మెల్లగనే చెప్తాండా. ఎన్నిసార్లు అడిగినా నా మాట ఇదే. ఈ పంట దించినాక ఉషాను సేలం హాస్టల్లో వేసేస్తా!”

“దానికి అయిదేండ్లు కూడా నిండలేదు బావా...”

“ఎల్‌కేజీ పిల్లోళ్ళు కూడా ఉండారు ఆడ. కండ్లారా చూసి, ఫారం కూడా తెచ్చినా!”

అరగంటగా ఆ ఇంట్లో జగడం ఇలా గుసగుసల్లోనే నడుస్తోంది. మునిరాజ్ కోపమంతా చేతుల్లో చూపిస్తున్నాడు. ధనలక్ష్మి కన్నీళ్ళతో తల అడ్డంగా ఊపుతోంది. తెలియనివాళ్ళు చూస్తే ఆ ఇద్దరికీ మాటలు రావనుకుంటారు!

గోడకు అవతలే పట్టుపురుగుల ఇల్లు. పురుగులు మూడో జ్వరం లేచి రెండు రోజులైంది. జ్వరమంటే పురుగు పాత తోలు విడిచే సమయం. నాలుగు జ్వరాలు దాటిన పురుగు రాత్రింబవళ్ళు ఆకు మేసి గూటికి సిద్ధమవుతుంది. పురుగులు పెరిగే ఆ ఇరవై అయిదు రోజులూ ఆ ఇంట్లో తాలింపు వేయరు, ఊదొత్తి వెలిగించరు, గొంతెత్తి మాట్లాడరు. అన్నిటికన్నా ముఖ్యంగా ఏడుపు వినబడకూడదు! ఏడుపు విన్న పురుగు గూడు కట్టకుండా ముడుచుకుపోతుందని మునిరాజ్ తల్లి పాపక్కకు ఆమె అత్త చెప్పింది. పాపక్క ఆ మాటను నలభై ఏళ్ళుగా దాటలేదు, ఇంట్లో ఎవరినీ దాటనివ్వలేదు.

ఆ పాపక్క ఇప్పుడు గడప మీద కూర్చుని ఎడమచేతి మణికట్టుకు పసుపు అద్దుకుంటోంది. అక్కడ చిన్న చిన్న పండ్ల గాట్లు ఎర్రగా కనబడుతున్నాయి. ఆ పొద్దున్నే ఉషా పురుగుల ఇంట్లో దూరి నిండు తట్టను లాగి నేల మీద కుమ్మరించింది. అడ్డుపోయిన అవ్వను కొరికింది!

“నా చెయ్యి పోతే పోనీ ధనలక్ష్మీ...” అంది పాపక్క. ఆమె ధనలక్ష్మికి అత్తే కాదు, స్వయానా మేనత్త. “నోరు లేని పురుగులే, అవేం చేసినాయి? బాలవాడీలో ఎదురింటి సెంగోడన్ మనవణ్ణి పలకతో కొట్టింది. నిన్న నీళ్ళకుండ తన్నింది. మీ మామ ఉంటే దీన్ని ఒక్క చూపుతో...” మాట అక్కడే తెగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

“గూళ్ళు దించేదాకా ఆగు బావా,” ధనలక్ష్మి చేతులు జోడించింది. “అంతలో బిడ్డ మారకపోతే నువ్వు చెప్పినట్టే కానీ. నేను నోరెత్తను.”

మునిరాజ్ ఫారం మడిచి అల్మారా పైన పెట్టాడు. “సరి,” అన్నాడు చివరికి. “దించేదాకే!”

ఇంతకూ ఉషా పుట్టుకతో ఇలాంటి పిల్ల కాదు! మూడు నెలల కిందటి వరకూ తాత ఈశ్వరప్ప భుజం దిగని పిల్ల. ఆయన ఆకు కోస్తుంటే గంప పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది. తాత తువ్వాలు కప్పుకుంటేనే నిద్రపోయేది. ఒకరోజు తెల్లవారుజామున మల్బరీ తోటలో ఆకు కోస్తూనే ఈశ్వరప్ప గుండె పట్టుకుని కూలిపోయాడు. అప్పుడూ పురుగులు ఇదే దశలో ఉన్నాయి. శవాన్ని ఇంటికి తేలేదు. తోటలోనే పందిరి వేసి, అక్కడే ఒక మూల సమాధి చేశారు. నలభై ఏళ్ళు కాపురం చేసిన పాపక్క నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుందే తప్ప గొంతు విప్పలేదు... ఆయన ఆఖరిసారిగా ఆకు వేసిన పురుగులవి, అవి చెడిపోకూడదన్నది ఒక్కటే ఆమె పట్టుదల! ఉషాను ఆ పొద్దున్నే మేనమామ వచ్చి తన ఊరు పిక్కిలికి తీసుకువెళ్ళాడు. పదహారు రోజుల తర్వాత తిరిగి వచ్చి “తాత యాడ?” అని అడిగితే, ఇంట్లో అందరూ ఒకే మాట చెప్పారు. “తాత తొప్పూరు పోయినాడు. వస్తాడులే!”

బస్సెక్కి పోయే ఆ ఊరి పేరు ఎవరు మొదట అన్నారో ఎవరికీ గుర్తులేదు. పిల్ల ఏడవకూడదని అన్నారు... అంతే! ధనలక్ష్మి కూడా అంది. అన్న ప్రతిసారీ చూపు పక్కకు తిప్పుకునేది.

మర్నాడు బాలవాడీ నుంచి బిడ్డను తీసుకురావడానికి వెళ్ళినప్పుడు శివరంజని టీచర్ ఆమెను పక్కకు పిలిచింది. సేలం పక్కన ధర్మపురిలో చదువుకున్న తమిళ అమ్మాయి. ఇంకా పెళ్ళి కాలేదు గానీ పిల్లల మనసు తెలిసిన మనిషి.

“అక్కా, ఏమైందని దాన్ని అడగకండి,” అంది తమిళంలో. “అంత చిన్నపిల్లకు లోపలున్నది చెప్పడానికి మాటలుండవు. ఆటలో చెప్తుంది. రోజూ కాసేపు పక్కన కూర్చోండి. మీరు నేర్పించొద్దు, తిట్టొద్దు. అది ఏం అవమంటే అది అవండి, చాలు.”

వినడానికి ఎంత సులువు! ధనలక్ష్మి ఆ సాయంత్రమే సంతలో కొన్న ప్లాస్టిక్ బొమ్మను బిడ్డ చేతికిచ్చి, “చూడు కన్నా, ఈ పాపకు కోపం వచ్చిందంట. ఏంటికి వచ్చిందో చెప్పు?” అంది. ఉషా బొమ్మ కాలు పట్టుకుని తిప్పి, గోడ అవతలికి విసిరేసింది. రెండో రోజు పక్కన కూర్చుంటే “పో!” అని అరిచింది. మూడో రోజు మట్టి చల్లింది. తల దులుపుకుంటూ ధనలక్ష్మి ఆ రోజు తనలో తానే ఏడ్చుకుంది... ‘నాకు ఆకు కోయడం తెలుసు, తట్ట మార్చడం తెలుసు. ఆడుకోవడం ఎవరు నేర్పించినారు దేవుడా!’

నాలుగో రోజు పక్కింటి మాదమ్మాళ్ కూతురు తన గాజు లాక్కుందని ఉషా ఆకుల కొట్టం మూలకు చేరింది. పిడికిళ్ళు బిగించి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోయింది. ధనలక్ష్మి బిడ్డను ఎత్తుకోబోయి... చటుక్కున ఆగింది. ఆ తల ఎత్తడం, ఆ బిగుసుకోవడం ఆమె ఎన్ని వందలసార్లు చూసిందో! జ్వరంలో ఉన్న పురుగు అచ్చం అలాగే ఉంటుంది. అప్పుడు దానికి ఆకు వేయరు. వేలితో కూడా తాకరు. తాకితే తోలు సరిగా ఊడదు. ఈ సంగతి ఊళ్ళో పదేళ్ళ పిల్లకైనా తెలుసు. ‘పురుగుకు ఇచ్చిన ఆ మాత్రం మర్యాద బిడ్డకు ఇవ్వలేదే నేను!’ అనుకుంది.

పాత చీర తెచ్చుకుని, కాస్త దూరంగా తానూ మోకాళ్ళ మీద కూర్చుంది.

“నేను పురుగును,” అంది తనలో అనుకున్నట్టు. “నాకు జ్వరం వచ్చింది. ఎవరూ నన్ను ముట్టుకోరాదు.” చీర ముసుగేసుకుని కదలకుండా ఉండిపోయింది.

చాలాసేపటికి చిన్న అడుగుల చప్పుడు వినిపించింది. చీర అంచు కదిలింది. ఉషా లోపలికి దూరి, అమ్మను తాకకుండా పక్కన కూర్చుంది.

“నాకూ జ్వరం.”

“సరి. ఎన్నో జ్వరం?”

“...మూడోది.”

“తోలు ఊడేదాకా ఈడనే ఉందాం. నేను యాడికీ పోను.”

కాసేపయ్యాక పిల్ల చీరను తన్ని, చేతులు విదిలించి బయటికి దూకింది. “ఊడిపాయ!” అని నవ్వింది. మూడు నెలల తర్వాత ఆ నవ్వు! ధనలక్ష్మి ముసుగులోనే ఉండి కళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత రోజూ అదే ఆట. కోపం వస్తే ఉషా కొట్టడానికి ముందే వచ్చి “అమ్మా, జ్వరం!” అనసాగింది. ఒకసారి మునిరాజ్ కంగారుగా నుదురు పట్టుకుని చూస్తే, “అది కాదు నాయనా! పురుగు జ్వరం. నువ్వు ముట్టుకోరాదు, పో!” అని తరిమింది. “ఓహో! తల్లీకూతుళ్ళు ఇద్దరూ పురుగులైపోయినారే! ఇంక నాకు సంగటి ఎవరు చేసేది?” అన్నాడే గాని అతని ముఖంలో చిరునవ్వు దాగలేదు. అయినా ఆ హాస్టల్ ఫారం మాత్రం అల్మారా పైనే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ధనలక్ష్మి పంట దించడానికి మిగిలిన రోజులు లెక్కపెట్టుకునేది. ఎందుకంటే ఒక్కటి మాత్రం మారలేదు... పురుగుల ఇంటి తలుపు దగ్గరికి వెళితే చాలు, ఉషా ముఖం ఇంకా నల్లబడిపోతోంది!

పురుగులు పండిన రోజు వచ్చింది. పండిన పురుగు ఒళ్ళు పసుపు పచ్చగా మారుతుంది. వాటిని ఏరి, చంద్రికలనే వెదురు చట్రాల మీద వదిలితే గూళ్ళు కడతాయి. ఇంటిల్లిపాదీ తెల్లవారుజామునుంచి ఏరుతూనే ఉన్నారు. మధ్యాహ్నం కాస్త తెరిపి దొరికి ధనలక్ష్మి ఆకుల కొట్టంలోకి వస్తే, అక్కడ ఉషా ఆకు గంపను బోర్లించి దాని మీద కూర్చుని ఉంది.

“తొప్పూరు, తొప్పూరు, తొప్పూరు! ఎవరమ్మా తొప్పూరు?”

ధనలక్ష్మి మాట మార్చబోయింది. అయినా టీచర్ మాట తలుచుకుని గంప వెనుక కూర్చుంది. “ఒక టికెట్టు కండక్టరయ్యా.”

“ఎవర్ని చూసేకి పోతావు?”

“నువ్వే చెప్పు.”

“తాతను.” ఉషా బస్సు నడిపింది. మలుపుల్లో ఒళ్ళంతా వంచింది. చివరికి గంప దిగి, అమ్మ చేయి పట్టుకుని మూలకు లాగి కూర్చోబెట్టింది. “ఇప్పుడు నువ్వు తాత. ఇది తొప్పూరు. మాట్లాడకూడదు.”

ధనలక్ష్మి తల ఊపింది. ఉషా ఆమె ఎదుట నిలబడింది. తర్వాత రెండు పిడికిళ్ళతో ఆమె భుజం మీద కొట్టడం మొదలుపెట్టింది.

“ఏంటికి పోయినావు! చెప్పకుండ ఏంటికి పోయినావు! పురుగుల్ని ముట్టుకుంటే తాత ఊరు వదిలి పోతాడంటివే... నేను ఒకటే ముట్టుకున్నా తాతా! ఒకే ఒకటి! దానికి పోతావా? అన్ని పురుగులూ పారబోస్తే వస్తావనుకున్నా... అవ్వ పారబోయనీలేదు!”

ధనలక్ష్మికి అప్పుడు గుర్తొచ్చింది. అవును... పిల్లలు తట్టల్లో చేతులు పెట్టకుండా మామ నవ్వుతూ బెదిరించేవాడు కదా, “ముట్టుకుంటే తాత ఊరు వదిలి పోతాడు చూడు!” అని. పెద్దవాళ్ళకది నవ్వులాట. ఒక పురుగును ముట్టుకున్న మర్నాడే ఆయన కనబడకుండా పోతే, ఈ పసిది మూడు నెలలుగా ఆ తప్పంతా తన చిన్న గుండెలో మోస్తోందా?

తాత గొంతుతో ‘నీ తప్పు కాదు తల్లీ’ అంటే పిల్ల ఊరడిల్లేదేమో. కానీ తొప్పూరులో తాత ఉన్నాడని మళ్ళీ నమ్మించినట్టే అవుతుంది. ఆమె బిడ్డ పిడికిళ్ళు రెండూ మెల్లగా తన చేతుల్లోకి తీసుకుంది.

“ఉషా, ఇప్పుడు నేను తాత కాదు. అమ్మను. నిజం చెప్తా, వింటావా? తాత తొప్పూరు పోలేదు. తాత చచ్చిపోయినాడు. గుండె బాగలేక చచ్చిపోయినాడు. నువ్వు పురుగును ముట్టుకున్నందుకు కాదు. మేం నీకు అబద్ధం చెప్పినాం కన్నా. తప్పు మాది.”

“...ఇంక రాడా?”

“రాడు.”

ఉషా నోరు తెరిచింది. ఆ కొట్టం, ఆ ఇల్లు, ఆ తోట అదిరేలా ఏడ్చింది! పురుగుల ఇంట్లోంచి మునిరాజ్ పరుగెత్తుకొచ్చాడు. “నోరు మూయించు! పురుగులు గూడు పట్టే పొద్దులో...”

“ఏడ్వనీ!”

పాపక్క! చేతిలో పండిన పురుగుల జల్లెడతో ద్వారంలోనే నిలబడి ఉంది. ఎప్పటినుంచి వింటోందో! జల్లెడను జాగ్రత్తగా నేల మీద దించి, వచ్చి మనవరాలి పక్కన కూలబడింది.

“ఏడ్వనీరా... నన్ను కూడా ఏడ్వనీ! అయ్యో, నా దేవుడా... నలభై ఏండ్లు కాపురం చేసి, నీ కోసం గొంతు విప్పి ఒక్క కేక పెట్టలేదే నేను! పురుగులు, పురుగులు అని ఈ పసిదాని నోరు కూడా కుట్టేస్తినే...”

మునిరాజ్ గోడకు తల ఆనించుకున్నాడు. అతని వీపు కదులుతుండటం ధనలక్ష్మి చూసింది. మామ పోయాక మొగుడి కంట నీరు చూడటం ఆమెకదే మొదటిసారి. ఏడ్చి ఏడ్చి అలసిన ఉషా, అవ్వ మణికట్టు మీద మానిపోతున్న గాట్లను వేలితో తాకింది. “నొప్పా అవ్వా?” అంది. పాపక్క పిల్లను గుండెకు హత్తుకుంది.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మిగిలిన పురుగులన్నీ చంద్రికలెక్కాయి. అందరూ వసారాలో సంగటికి కూర్చున్నారు. ఉషా తండ్రి ఒడిలో కూర్చుని, తాతను ఎక్కడ పెట్టారో, ఆయనకు చీకటంటే భయం వేయదా అని అడుగుతోంది. మునిరాజ్ తడబడుతూనే ఒక్కొక్కదానికీ నిజమే చెబుతున్నాడు.

పాపక్క సంగటి ముద్ద చేసి అలాగే పట్టుకుని ఉంది. తర్వాత ఎవరివైపూ చూడకుండా, ప్రశాంతంగా చెప్పింది.

“మునిరాజా, రేపొద్దున అందరం తోటకు పోతాం, మీ నాయనను పెట్టిన చోటికి. ఉషాను కూడా తీసుకుపోతాం. వచ్చే పంటకు పురుగుల గుడ్లు తెప్పించొద్దు. ఒక పంట ఆ ఇల్లు ఖాళీగా ఉండనీ, బిడ్డ దాంట్లో ఆడుకుంటుంది. ధనలక్ష్మీ, నువ్వు ఆకు కోతకు పోనక్కరలేదు, బిడ్డతో ఉండు. ఉషా మన ఇంట్లోనే ఉంటుంది. యాడికీ పోదు.”