రెండు కాయిల్స్

"ఈరోజు మధ్యాహ్నం పన్నెండులోపు మీ వదినని చంపుతారు," అన్నాడు చీఫ్, ఫైల్లోంచి తల ఎత్తకుండా.

ఏజెంట్ మోడు సరేనన్నాడు. అన్న పోయిన ఎనిమిది నెలలుగా ఏ మాటా అతని లోపలికి దిగడం లేదు. ఆఫీసువాళ్ళు ఆ పేరు పెట్టింది అందుకే. పంపు తిప్పి మరిచిపోతాడు. తలుపుకి తాళం వేశాడో లేదో గుర్తుండదు.

అన్న కూడా ఏజెంటే. అతన్ని చంపిన విదేశీ ముఠా కోడ్‌ని ఇప్పుడు వదిన విప్పుతోంది. పన్నెండుకి పూర్తవుతుంది. అంతవరకూ కుర్చీలోంచి లేవనని తేల్చి చెప్పేసింది.

మిగతా బ్రీఫింగ్ నాలుగు ముక్కల్లో అయిపోయింది. తుపాకీ ఉండదు, బాంబు ఉండదు, ప్రమాదంలా కనిపిస్తుంది. వదిన పనిచేస్తున్న బిల్డింగ్‌లో అన్ని అంతస్తులకీ నీళ్ళ స్ప్రింక్లర్లే. సినిమాల్లోలా అన్నీ ఒక్కసారి కురవవు, ఏ గాజు బల్బుకి వేడి తగిలితే అదొక్కటే పగిలి నీళ్ళు పోస్తుంది. వదిన కూర్చునే రికార్డు గదిలో మాత్రం కాగితాలు తడుస్తాయని గ్యాస్ పెట్టారు. కార్బన్ డయాక్సైడ్. అది మంటకి ఊపిరాడనివ్వదు. మనిషికీ అంతే.

అక్కడి సెక్యూరిటీ సలహాదారు ముత్యాల మేడమ్. చెవులకి ముత్యాలు, మాటలో తేనె. ముఠా రహస్యాలు మనకి అమ్ముతుంది. మన రహస్యాలు వాళ్ళకీ అమ్ముతోందని చీఫ్ అనుమానం, కానీ రుజువు లేదు.

మోడు ఫైర్ ఇన్‌స్పెక్టర్ వేషం కట్టాడు. ఖాకీ చొక్కా, నిచ్చెన, బెల్టుకి ప్రెషర్ గేజ్. గేజ్‌లో మైక్, కింద వ్యాన్లో అది వింటూ మనవాళ్ళు. ఆ పని అతనికి ఎప్పుడో మూడు రోజులపాటు నేర్పిన ముసలి మెకానిక్ రోజుకి పదిసార్లు ఒకటే పాట పాడేవాడు.

"దేన్ని ముట్టుకునేముందైనా సిలిండర్ల కాయిల్స్ ఊడదీసి జేబులో వేసుకో బాబూ. కాయిల్ లేకపోతే గ్యాస్ రాదు. మెయిన్ సిలిండర్లకొకటి, అవి పనిచెయ్యకపోతే వాడే రిజర్వ్‌కొకటి. ఒకటి మరిచిపోయినవాడు నాకు తెలుసు. ఇప్పుడు లేడు."

పదింటికి మోడు సిలిండర్ల గదిలోకి వెళ్ళాడు. మొదటి స్క్రూ తిప్పుతుంటే, అన్న రేడియో బాగుచేస్తూ స్క్రూలు పళ్ళమధ్య పట్టుకునే తీరు గుర్తొచ్చింది. తేరుకునేసరికి వరండాలో ఉన్నాడు.

పదకొండూ నలభైకి గంట మోగింది. ఒక డిటెక్టర్ పొగ చూసిందన్నమాట. వెంటనే రెండోది. రెండూ చూస్తే ముప్ఫై సెకన్లలో గ్యాస్. సైరన్. రికార్డు గది తలుపు మూసుకుంది, పైన ఎర్ర అంకెలు ముప్ఫై నుంచి దిగడం మొదలుపెట్టాయి. లోపలినుంచి వదిన తలుపు బాదుతోంది. గడియ ఎవరో ముందే బిగించేశారు. మోడు పరుగెత్తి పక్కనున్న పసుపు బటన్ నొక్కాడు. అంకెలు ఇరవై ఒకటి దగ్గర ఆగాయి. నొక్కి ఉంచినంతసేపే ఆగుతాయి.

"రెండో చెయ్యి పైకెత్తు," అంది ముత్యాల మేడమ్ వెనకనుంచి. చేతిలో చిన్న పిస్టల్. "కాల్చను. కాలిస్తే ప్రమాదం అనరు. ఆ వేలు ఎంతసేపు ఆగుతుందో చూద్దాం."

"గ్యాస్ రాదు," అన్నాడు మోడు.

"మెయిన్ కాయిల్ తీశావనేగా? తీస్తుంటే చూశాలే. అందుకే స్విచ్ రిజర్వ్ వైపు తిప్పాను."

గేజ్ ఆ మాట పట్టేసింది. రుజువు దొరికింది. గంటకి లిఫ్ట్ ఆగిపోయింది కాబట్టి, కింద ఉన్న మనవాళ్ళు అన్ని అంతస్తులూ మెట్లెక్కుతూ ఉంటారు. కానీ రెండో కాయిల్? మొదటి స్క్రూ తర్వాత అతనికేమీ గుర్తులేదు. జేబు తడుముకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. బొటనవేలు మొదట నొప్పెట్టింది, తర్వాత మొద్దుబారింది. అతనికి భయం కూడా వెయ్యలేదు. అందుకు సిగ్గేసింది.

బాదడం ఆగింది. కాసేపటికి తలుపు అద్దంలోంచి వదిన ఒక కాగితం చూపించింది. కోడ్ పూర్తయింది. తను బయటికి రాకపోయినా అతను చదువుకునేలా దాన్ని అద్దానికి అదిమి పట్టింది.

అప్పుడు భయమేసింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి.

మేడమ్‌కి ఓపిక నశించింది. పిస్టల్ పిడితో అతని మణికట్టు మీద కొట్టింది. వేలు జారింది. మళ్ళీ నొక్కబోతే పిస్టల్ గొట్టం కణతకి ఆనింది. పది. అయిదు. మెట్లమీద అడుగుల చప్పుడు. రెండు. ఒకటి.

సున్నా.

సైరన్ ఆగిపోయింది. ఇంకేమీ జరగలేదు. మేడమ్ తలెత్తి అంకెలకేసి చూసింది. ఆ ఒక్క చూపు చాలు, మనవాళ్ళు ఆమె చేతిలోంచి పిస్టల్ లాగేసుకున్నారు.

మోడు జేబులో చెయ్యి పెట్టాడు. రెండు కాయిల్స్. రెండోది ఎప్పుడు తీశాడో అతనికి ఇప్పటికీ తెలీదు.

గునపంతో తలుపు పెకలించారు. వదిన బయటికొచ్చి, వాచిన అతని మణికట్టు పట్టుకుంది.

"ఆ గంట గోలకి చివరి వరస రెండుసార్లు చెయ్యాల్సొచ్చింది," అంది. పట్టుకున్న చెయ్యి వదల్లేదు. మోడు ఏడ్చాడు. ఆవిడ కూడా.

సాయంత్రం కాయిల్స్ రెండూ తిరిగి బిగించి, ఇన్‌స్పెక్షన్ ఫారంలో ఫలితం అన్న గడి నింపాడు: "గ్యాస్ రాలేదు. సంతృప్తికరం."