లీటరుకి నాలుగు కిలోమీటర్లు

"ఎదురుగా రెడ్ లైట్ కనబడుతోందా మీకు?"

"కనబడుతోంది."

"మరి దాని దగ్గరికి అంత తొందరగా వెళ్లి ఏం చేస్తారు? పచ్చబడమని బతిమాలతారా?"

ఈశ్వరప్రసాద్ బ్రేకు మీద కాలేసి తొక్కాడు. కారు ముందుకి తూలి ఆగింది. వెనకసీట్లో టిఫిన్ డబ్బా దొర్లి కింద పడింది. అద్దం మీద వాన చినుకులు చప్పట్లు కొట్టాయి.

పక్క సీట్లో అమ్మాయి పేరు శివానీ. ఆమె కారెక్కి మూడు నిమిషాలు కాలేదు. అప్పుడే డ్రైవింగుకి వంక పెట్టడం ఇది నాలుగోసారి.

అది 1999 జులై, ఆస్ట్రేలియాలో చలికాలం. 2000 వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని, ఆ రెండు సున్నాలకి లోకమంతా వణుకుతున్న రోజులు. సిడ్నీ పడమటి వైపు పారమాటాలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో, రెండంకెల సంవత్సరాలని నాలుగంకెలు చేసే పనికి నర్సీపట్నం నుంచి వచ్చాడు ప్రసాద్. అతను సరిచేసిన ప్రోగ్రాములని పరీక్షించి "ఫెయిల్డ్, ప్లీజ్ ఫిక్స్" అని తిప్పి పంపడం శివానీ పని. నాలుగు నెలలుగా వాళ్ల మధ్య నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలన్నీ ఆ మూడు ముక్కలే.

ఆ సాయంత్రం వానకి రైళ్లు ఆగిపోయాయి. ఆఫీసు గుమ్మంలో నిలబడి, గాలికి తిరగబడ్డ గొడుగుని "దరిద్రపు గొడుగా" అని ప్రసాద్ తిడుతుంటే, పక్కనుంచి తెలుగులో వినిపించింది.

"గొడుగునంటారేం? పట్టుకోవడం రానిది మీకు."

ప్రసాద్ నోరు తెరిచాడు. ఆమె నవ్వింది. ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల్లో పనికి ఫిజీ వెళ్లాడట. తనకి పదకొండేళ్లప్పుడు అక్కడ గొడవలై, కుటుంబమంతా సిడ్నీ వచ్చేసిందట. "మా అవ్వ పెంచింది నన్ను. ఇంగ్లీషులో అడిగితే అన్నం పెట్టేది కాదు," అంది.

"ఇప్పుడు ఎటు వెళ్లాలి మీరు?"

"లివర్‌పూల్."

"అరే, నేనూ అటే! కాసులాలో ఉంటాను, మీ పక్కనే!"

కాసులా లివర్‌పూల్ పక్కనే ఉన్న మాట నిజమే. కానీ ప్రసాద్ ఉండేది హార్న్స్‌బీలో. లివర్‌పూల్ దక్షిణాన ఉంటే హార్న్స్‌బీ ఉత్తరాన ఉంది. రెండింటికీ మధ్య నలభై రెండు కిలోమీటర్లు. కాసులా అనే పేరు ఏ మ్యాపులో చూశాడో, ఆ క్షణానికి నాలుక చివర సిద్ధంగా ఉంది. ప్రేమలో పడ్డవాడికి భూగోళ శాస్త్రం ఏం గుర్తుంటుంది!

ఈ ఒక్క సాయంత్రంతో పోతుందనుకున్నాడు. కానీ లివర్‌పూల్‌లో వాళ్ల ఇంటి ముందు ఆమె తండ్రి దేవనారాయణ్ గొడుగుతో ఎదురొచ్చాడు. పెరట్లోనే షెడ్డు వేసుకుని కార్లు బాగుచేసే మనిషి. చేతుల నిండా గ్రీజు, ముఖం నిండా నవ్వు.

"అచ్ఛా, కాసులాయా! రోజూ ఇదే దారి కదా బాబూ నీకు. అమ్మాయిని తీసుకుపోరాదూ? ఈ ట్రైన్లు చూడు, ఎలా ఏడుస్తున్నాయో."

"దానికేం అంకుల్," అంది ప్రసాద్ నోరు. "చచ్చాం" అంది అతని బుర్ర.

మర్నాటి నుంచి అయిదింటికే లేవడం. నలభై రెండు కిలోమీటర్లు తోలుకుంటూ వచ్చి, అయిదు నిమిషాల క్రితమే నిద్ర లేచినవాడిలా ముఖం పెట్టి హారన్ కొట్టడం. శివానీ తల తుడుచుకుంటూ వచ్చి కూర్చునేది. కారంతా కొబ్బరినూనె వాసన.

"కాసులాలో మంచు పట్టిందా ఈవేళ?"

"ఆఁ... మామూలుగా పట్టినంత."

"మామూలుగా ఎంత పడుతుంది?"

"మీ లివర్‌పూల్‌లో పట్టినంత."

శుక్రవారం సాయంత్రం పెట్రోల్ బంకులో అతను ట్యాంకు నింపి, డబ్బు కట్టి కారెక్కితే, మెకానిక్ కూతురు ఊరుకుంటుందా? కాగితం తీసింది.

"అరవై రెండు లీటర్లు. పోయిన శుక్రవారం కూడా నిండానే కొట్టించానన్నారు కదా. కాసులా నుంచి ఆఫీసుకి పాతిక, తిరిగి పాతిక. అయిదు రోజులకి రెండొందల యాభై." తల ఎత్తింది. కళ్లు గుండ్రంగా అయ్యాయి. "లీటరుకి నాలుగు కిలోమీటర్లు! ఇది కారా, లారీయా? డాడ్ టో ట్రక్కే నయం!"

"కొంచెం... పాతబడింది."

"కారు పాతది కాదు, మీ కాలు చెడ్డది. ఉండండి, నేను మారుస్తాను." మీటరు వైపు వంగింది. "అసలు మొత్తం ఎంత తిరిగిందో..."

"పచ్చ లైట్, పచ్చ లైట్!" అని అరిచి కారు లాగించేశాడు ప్రసాద్. బంకులో లైటు ఎక్కడిదని ఆమె అడగలేదు, అదృష్టం.

ఆ ఆదివారం హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి ట్రైనూ, ఇంకొకరి కారూ పట్టుకుని వెళ్లాడు. తన కారు కదిపితే లెక్క ఇంకా చెడుతుంది మరి. స్వామివారి స్టిక్కరొకటి కొని తెచ్చి, మీటరు అద్దం మీద సరిగ్గా కిలోమీటర్ల అంకెలు కనబడేచోట అంటించాడు. "ఆపదమొక్కులవాడా, ఈ ఒక్క ఆపదా గట్టెక్కించు తండ్రీ."

సోమవారం శివానీ చూసి, "ఎంత భక్తండీ మీకు!" అంది. ప్రసాద్ కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాడు. "డ్రైవింగులో కళ్లు మూస్తారా!" అని మొట్టికాయ పడింది. ఆ మొట్టికాయని ఆ రోజంతా తడుముకున్నాడు.

పాఠాలు మొదలయ్యాయి.

పొద్దున్నే ఇంజిన్ వేడెక్కాలని ఇంటి ముందు కారుని ఊరికే గుర్రుమనిపించడం బందయింది. "నడిస్తే అదే వేడెక్కుతుంది. మీరు మంచం మీద పడుకుని ఎక్సర్‌సైజ్ చేస్తారా?" ఎడమ పాదానికి క్లచ్ మీద విశ్రాంతి తీసుకునే అలవాటుంది, అది కనిపించినప్పుడల్లా మోకాలి మీద స్కేలు దెబ్బ. డిక్కీలో ఇరవై కిలోల బియ్యం బస్తా, క్రికెట్ కిట్టు, ఎవరో ఇండియా వెళ్తూ వదిలేసిన రోలు దొరికాయి.

"రోలు ఎందుకండీ?"

"ఎప్పుడైనా పచ్చడి..."

"ఆఫీసుకి వెళ్తూనా?"

రోలు దిగింది. పైన గాలికి అడ్డుపడే రూఫ్ ర్యాక్ ఊడింది. టైర్లలో గాలి చూస్తే సగమే ఉంది. ఒకరోజు ఏటవాలు రోడ్డు వస్తే ప్రసాద్ గర్వంగా గేరు న్యూట్రల్లోకి వేశాడు. "మా చింతపల్లి ఘాట్‌లో బస్సు డ్రైవర్లంతా ఇంతే. పెట్రోల్ ఆదా."

"తప్పు. న్యూట్రల్‌లో ఇంజిన్ తిరగాలంటే అది పెట్రోల్ తాగాలి. గేరులోనే ఉంచి కాలు తీసెయ్యండి, చక్రాలే ఇంజిన్ని తిప్పుతాయి, పెట్రోల్ దాదాపు ఆగిపోతుంది. కారు అదుపులోనూ ఉంటుంది. మీ బస్సు డ్రైవర్లకి నా నమస్కారాలు చెప్పండి."

నెమ్మదిగా అతని కాలు మెత్తబడింది. దూరంగా ఎర్ర లైటు కనబడగానే కాలు తీసేస్తే, కారు తనంతట తనే జారుకుంటూ వెళ్లేది. అది చేరేసరికి లైటు పచ్చబడేది. అప్పుడు శివానీ ఏమీ అనేది కాదు. కిటికీ వైపు తిరిగి చిన్నగా నవ్వుకునేది. ఆ నవ్వు అద్దంలో కనబడేది. దానికోసం సిడ్నీలో ఉన్న ఎర్ర లైట్లన్నీ తనకే తగలాలని మొక్కుకునేవాడు.

నిజం చెప్పెయ్యొచ్చుగా అంటారు. చెప్పబోయాడు కూడా. కానీ ఆ ముందురోజే ఆఫీసులో ఒకతను తన ప్రోగ్రాములో తప్పుని కప్పిపుచ్చి దొరికిపోయాడు. "లెక్క తప్పితే ఎవరినైనా క్షమిస్తాను," అంది శివానీ కారులో, పళ్లు కొరుకుతూ. "లెక్క దాచినవాడి ముఖం మళ్లీ చూడను." రోజుకి రెండుసార్లు, పూటకి ముప్పావు గంట. ప్రపంచంలో అతనికున్న ఆస్తి అదొక్కటే. దాన్ని తన చేత్తో ఎలా పోగొట్టుకోవడం?

ఆరో వారం. బంకులో యాభై మూడు లీటర్లు పట్టింది. శివానీ లెక్క వేసి, మళ్లీ వేసి, కాగితం ఒళ్లో పెట్టుకుంది.

"ఇంకా అయిదు కూడా రాలేదు. ఇంత చేశాక!"

"పోనీలెండి..."

"పోనీ ఏమిటి? ఇది కాలు తప్పు కాదు. సంథింగ్ ఈజ్ లీకింగ్. పెట్రోల్ ఎక్కడో కారిపోతోంది." అతని వైపు తిరిగింది. "దార్లో అంటుకుంటే? నువ్వు ఒక్కడివీ ఉన్నప్పుడు అంటుకుంటే?"

నువ్వు! అంది, 'నువ్వు' అంది! ప్రసాద్‌కి చెవుల్లో సన్నాయి మోగింది. కానీ ఆమె కళ్లలో నీళ్లు చూడగానే సన్నాయి ఆగిపోయింది. లేని లీకు కోసం ఈ పిల్ల ఏడుస్తోంది.

"రేపు శనివారం. కారు ఇంటికి తీసుకురా. డాడ్ చూస్తారు."

కాదనే దారి లేదు.

శనివారం మధ్యాహ్నం షెడ్డులో చాప వేసి ఉంది. చాప మీద చెక్క గిన్నె, గిన్నెలో బూడిదరంగు నీళ్లు. ఫిజీ వాళ్లు ఇంటికొచ్చినవాళ్లకి ఇచ్చే గ్రోగ్. ఏదో వేరు దంచి నీళ్లలో కలిపింది. దేవనారాయణ్ కొబ్బరి చిప్పతో అందించాడు. ప్రసాద్ భయంకొద్దీ రెండు చిప్పలు గటగటా తాగాడు. పెదాలు మొద్దుబారాయి.

దేవనారాయణ్ కారు కిందకి దూరాడు. ప్లగ్గులు పీకాడు, ఫిల్టరు ఊదాడు, పైపులన్నీ వాసన చూశాడు. అరగంటకి లేచి చేతులు తుడుచుకున్నాడు.

"ఎక్కడా చుక్క కారట్లేదు శివా. ఇంజిన్ గుండ్రాయిలా ఉంది. సరే, వచ్చింది ఎలాగూ వచ్చింది, ఆయిల్ మార్చి సర్వీస్ చీటీ రాసేస్తా." ముందు అద్దం మూలన ఉన్న పాత సర్వీసు చీటీ చూశాడు. "జులై మొదట్లో చేయించావా. అప్పుడు మీటరు తొంభై ఒక్క వేల రెండొందలు. ఇప్పుడెంతుందో..."

ప్రసాద్ అడ్డం వెళ్లేలోపే అతను మీటరు వైపు వంగాడు.

"స్వామిని ఇక్కడ కూర్చోబెట్టావేం బాబూ?"

"భ... భక్తి అంకుల్."

"క్షమించు స్వామీ," అని చెంపలేసుకుని, గోటితో స్టిక్కరు అంచు మెల్లగా లేపాడు దేవనారాయణ్. లోపలికి తొంగి చూశాడు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చూశాడు.

"తొంభై అయిదు వేలు! ఆరు వారాల్లో మూడువేల ఎనిమిదొందలు తిరిగింది ఈ కారు. రెండో పూట టాక్సీ ఏమన్నా తోలుతున్నావా?"

శివానీ ముఖం పాలిపోయింది. "ఇంకో అమ్మాయి ఎవరినైనా కూడా దింపుతున్నావా?"

"అయ్యో, లేదు!"

"మరి ఎక్కడికి వెళ్తోంది ఇది?"

గ్రోగ్‌కి నాలుక కదలడం లేదు. అయినా కదిపాడు. "ఇంటికి. నా ఇల్లు కాసులాలో కాదు. హార్న్స్‌బీలో."

దేవనారాయణ్ స్టిక్కరు మళ్లీ జాగ్రత్తగా అంటించాడు.

"రోజూ హార్న్స్‌బీ నుంచి ఇక్కడికి వచ్చి, మళ్లీ పారమాటా, మళ్లీ ఇక్కడికి, మళ్లీ..." దేవనారాయణ్ వేళ్లు లెక్క పెడుతూ ఆగిపోయాడు. "అరే బాప్‌రే."

"మొదటిరోజే చెప్పాల్సింది. నిన్న నువ్వు ఏడ్చావు చూడు, అప్పుడైనా చెప్పాల్సింది. లెక్క దాచాను. తప్పు నాదే." తల దించుకున్నాడు. "నువ్వు పక్కన కూర్చుంటే ఆ దారి చాలదనిపించేది. అంతే."

శివానీ లోపలికి వెళ్లిపోయింది. తలుపు ధడాలుమంది.

ప్రసాద్ తాళంచెవులు తీసుకుని లేచాడు. "వస్తానంకుల్," అనబోతుంటే తలుపు మళ్లీ తెరుచుకుంది. శివానీ చేతిలో కాగితం. జడ సగం ఊడింది.

"రోజుకి నూట ఇరవై నాలుగు. అయిదు రోజులకి ఆరొందల ఇరవై. మొదటి వారం అరవై రెండు లీటర్లు. అంటే అప్పుడు లీటరుకి పది." గబగబా చదువుతోంది, కోపంగానే. "ఈ వారం యాభై మూడు. అంటే... పదకొండు పాయింట్ ఏడు."

"ఎంతా?" దేవనారాయణ్ కాగితం లాక్కున్నాడు. "పదకొండున్నర దాటిందా! నా కారే పదకొండు ఇవ్వదు!"

శివానీ ప్రసాద్ వైపు చూసింది. కోపం ఇంకా పోలేదు, కానీ ఎక్కడో పట్టు తప్పింది. "నేను పక్కన ఉన్నది రోజుకి నలభై కిలోమీటర్లే. మిగతా ఎనభై నాలుగూ ఒక్కడివే. అప్పుడు కూడా కాలు తీసేసేవాడివా? ఎవరూ చూడకపోయినా?"

"నువ్వు చెప్పావు కదా."

ఆమె చేతులు వెనక్కి కట్టుకుని కారు వైపు తిరిగింది. అది చూసి దేవనారాయణ్ గొంతు సవరించుకున్నాడు.

"ఇరవై ఏడేళ్లుగా మీ అమ్మకి ఇవే చెప్తున్నాను. ఒక్క ముక్క విందా? ఈ అబ్బాయి ఆరు వారాల్లో అన్నీ విన్నాడు!"

"నాకు వినబడుతోంది!" వంటింట్లోంచి ఊర్మిల కేక.

"నీ సంగతి కాదు ఊర్మిలా, కారు సంగతి!" అని, గొంతు తగ్గించి ప్రసాద్ భుజం మీద గ్రీజు చెయ్యేశాడు. "బాబూ, నర్సీపట్నంలో మీ నాన్నగారి ఫోన్ నంబరెంత?"

"డాడ్!"

"అడిగితే తప్పేముంది? పెద్దవాళ్లు మాట్లాడుకోవాలా, వద్దా?"

ప్రసాద్ నంబరు చెప్పాడు. రెండంకెలు తప్పాడు. మళ్లీ చెప్పాడు.

కారు దాకా శివానీ వచ్చింది. డ్రైవరు పక్క అద్దం మీద వేలితో గీతలు గీస్తూ నిలబడింది.

"సోమవారం రావద్దు."

ప్రసాద్ ముఖం వాడిపోయింది. "సరే."

"ఎనభై నాలుగు కిలోమీటర్ల పెట్రోలు ఊరికే తగలబెట్టే మనిషితో నేను రాను. నువ్వు హార్న్స్‌బీలో ట్రైనెక్కు. నేనిక్కడ ఎక్కుతాను. ఎనిమిదింపావుకి పారమాటా స్టేషన్లో దిగుతాను. అక్కణ్ణుంచి ఆఫీసుకి నడుద్దాం."

"నడిస్తే పది నిమిషాలేగా?"

"నదివైపు నుంచి వెళ్తే ముప్పావు గంట," అంది శివానీ. పారిపోతున్నదానిలా గేటు వైపు నడిచి, సగం దారిలో వెనక్కి తిరిగింది. "పావుతక్కువ ఎనిమిదికే వస్తే, ఇంకా చుట్టూ తిరిగి వెళ్లొచ్చు."