తూకంలో మనిషి

డంపింగ్ యార్డులో చెత్త చదును చేస్తున్న జేసీబీకి మనిషి కాలు తగిలింది.

మరియదాసు. గవర్నర్‌పేట చెత్త ఎత్తే టిప్పర్ మీద లోడర్.

"తాగి ఇక్కడే పడుకున్నాడు మేడమ్. డ్రైవర్ చూసుకోకుండా పైన లోడు దించేశాడు," అన్నాడు కాంట్రాక్టు కంపెనీ మేనేజర్ అఖిలేష్.

"చుక్క ముట్టడమ్మా. ప్రార్థనకెళ్ళే మనిషి. లోడెక్కి ప్లాస్టిక్ ఏరి అమ్ముకునేవాడు," అంది భార్య అమలమ్మ.

తాగి పడుకున్నాడంటే ఆమెకు పైసా పరిహారం రాదు. డ్యూటీలో పోయాడంటే వస్తుంది. ఇన్‌స్పెక్టర్ కనకలక్ష్మికి ఈ తంతు కొత్త కాదు. చచ్చినవాడు నోరెత్తడు కనుక తప్పంతా వాడి నెత్తిన రుద్దడం అందరికీ తేలిక.

ఆమె వంగి చూసింది. మరియదాసు చెవుల్లో, జుట్టులో నల్లటి మట్టి. దాంట్లో చిన్న చిన్న నత్తగుల్లలు. యార్డు మట్టేలెమ్మని కానిస్టేబుళ్ళు పట్టించుకోలేదు.

టిప్పర్ డ్రైవర్ చక్రిని పిలిచింది.

"మరియదాసుని ఆఖరిసారి ఎక్కడ చూశావు?"

"తెల్లారుజామున బండి దిగిపోయాడు మేడమ్."

"తర్వాత నువ్వెటు వెళ్ళావు?"

"లోడు తూకానికి, కాటాకి."

"తిన్నగా?"

చక్రి చెప్పులకంటిన మట్టి దులుపుకున్నాడు.

సాయంత్రానికి పోస్టుమార్టం చేసిన డాక్టర్ ఫోన్ వచ్చింది. ఒంట్లో మద్యం లేదు. ఊపిరిగొట్టంలో మట్టి ఉంది. కనకలక్ష్మి చక్రిని వెంటబెట్టుకుని అఖిలేష్ గదికి వెళ్ళింది. తక్కువ ఖర్చుతో ఎక్కువ చెత్త తరలించినందుకు ఇచ్చిన ప్రశంసాపత్రం గోడకు వేలాడుతోంది. కనకలక్ష్మి మొదలుపెట్టింది.

"మాది చల్లపల్లి అండీ. కాలువలు కట్టేసిన ఎండాకాలంలో పూడిక తీస్తే నత్తగుల్లలు ఎలా వస్తాయో చిన్నప్పట్నుంచి చూశాను. ఊళ్ళో చెత్తలో అవి ఉండవు. మీకు డబ్బులిచ్చేది టన్నుల లెక్కన. అందుకని కాటాకి వెళ్ళేముందు బండి కాలువగట్టున ఆపి, చెత్త మీద పూడిక పోయిస్తున్నారు. పొలాలకు పోవాల్సిన మట్టి చెత్తకొండెక్కుతోంది. ఆ మట్టికి ఊరు పన్ను కడుతోంది. ఇవాళ మట్టి పోసేటప్పుడు మరియదాసు బండిలో ప్లాస్టిక్ ఏరుతున్నాడు. మట్టి పడ్డప్పుడు ఊపిరి ఉంది. మీరు తూకం వేసింది ఆయన్ని కూడా."

చక్రి నోరు విప్పాడు. "కాటా దగ్గర క్యూలో ఉన్నప్పుడు వెనకాల ఏదో కొట్టుకున్నట్టు వినపడింది మేడమ్. కుక్కేమో అనుకున్నా."

అఖిలేష్ తొణకలేదు. "ఆ మాట కోర్టులో చెబుతావా చక్రీ?"

చక్రి అఖిలేష్ వైపు తిరిగాడు. "నాకేం వినపళ్ళేదండీ," అన్నాడు.

ఆ లోడు మీద అప్పటికే ఊరంతటి చెత్తా పడింది; ఇక మట్టి సాక్ష్యం దొరకదు. కనకలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది. అయినా డాక్టర్ రిపోర్టు వస్తుంది. భార్య నిలబడితే చాలు. బయట బెంచీ మీద కూర్చున్న అమలమ్మ దగ్గరికి వెళ్ళింది.

"మీ ఆయన తాగలేదమ్మా. డ్యూటీలోనే పోయాడు. కేసు నడిపిద్దాం."

"ఎన్నాళ్ళు పడుద్దమ్మా?"

కనకలక్ష్మి అబద్ధం చెప్పలేకపోయింది. "ఏళ్ళు పట్టొచ్చు."

"కేసొద్దంటే ఆయన పని నాకిస్తామన్నారు కంపెనీవాళ్ళు. ఆ బండి మీదే. రేపు పొద్దున్నించే రమ్మన్నారు. ఇద్దరాడపిల్లలు." అమలమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "తాగి పడుకున్నాడనే రాయండమ్మా. వేలిముద్ర ఎక్కడెయ్యాలి?"